కొత్త కరెన్సీ గుర్తు పెట్టుకుంటే వర్ధమాన దేశపు ఆర్థిక వ్యవస్థ బలపడుతుందా?

ప్రశ్న: సందేహజీవి

అందరికీ నమస్కారం. ఆర్థికశాస్త్రం నా వృత్తి కాదు. పత్రికల్లో వచ్చేది చదివి, తీరిక దొరికినప్పుడు ఆలోచించుకునే మామూలు పాఠకుణ్ణి. చాలాకాలంగా తేలని ఒక సందేహాన్ని ఇక్కడ పెద్దల ముందు ఉంచుతున్నాను.

2010 జులై 15న కేంద్ర మంత్రివర్గం రూపాయికి ప్రత్యేక గుర్తును ఆమోదించింది. దేవనాగరి ‘ర’, రోమన్ ‘ఆర్’ రెండూ ఒకే అక్షరంలో కనిపించేలా డి. ఉదయకుమార్ గీసిన రూపం అది. పోటీకి మూడు వేలకు పైగా నమూనాలు వస్తే వాటిలోంచి దాన్ని ఎంపిక చేశారు. డాలరు, పౌండు, యూరో, యెన్‌ల సరసన మన రూపాయి ఐదో కరెన్సీగా నిలిచిందనీ, ఇక అంతర్జాతీయ విపణిలో దాని హోదా పెరుగుతుందనీ ఆ రోజుల్లో చాలాచోట్ల చదివాను. ఆ తరువాత 2012లో టర్కీ తన లీరాకు, 2013లో రష్యా తన రూబుల్‌కు, 2014లో జార్జియా తన లారీకి కొత్త గుర్తులు పెట్టుకున్నాయి. 2025లో సౌదీ అరేబియా, ఆ వెంటనే సంయుక్త అరబ్ ఎమిరేట్లు అదే దారి పట్టాయి. ఇన్ని ప్రభుత్వాలు ఏ ప్రయోజనమూ ఆశించకుండా ఇంత శ్రమ పడతాయా అన్నది నా మొదటి ప్రశ్న.

అయితే లెక్క చూడబోతే వేరేగా ఉంది. గుర్తు వచ్చిన రోజున డాలరుకు దాదాపు 47 రూపాయలు ఉండగా, మూడేళ్లు తిరిగేసరికి, 2013 ఆగస్టు 28న అది 68 దాటిపోయింది. ఒక వ్యాపార సంస్థ తన చిహ్నాన్ని మార్చుకుని కొత్త కళతో విపణిలోకి వస్తే అమ్మకాలు పెరగడం మనం చూస్తూనే ఉంటాం. డబ్బు విలువంతా నమ్మకం మీదే నిలబడుతుందని అందరూ అంటారు. మరి నమ్మకాన్ని పెంచే ఒక చక్కని గుర్తు ఆ విలువను కొంతైనా పెంచాలి కదా? ఈ తర్కంలో ఎక్కడ తప్పుతున్నానో దయచేసి వివరించగలరు.

సమాధానం: ఖాతాపుస్తకం

సందేహజీవి గారూ, మీ తర్కం తప్పుతున్నది వ్యాపార సంస్థతో పోల్చినచోటనే అని నా అభిప్రాయం. సబ్బు కొనే మనిషికి పది రకాల సబ్బులు ఎదురుగా ఉంటాయి. వాటి మధ్య నిజమైన తేడా అతనికి తెలియదు కాబట్టి పైకాగితం చూసి ఎంచుకుంటాడు. కరెన్సీని కొనేవాడి సంగతి అది కాదు. ఒక దేశపు డబ్బు విదేశీయుడికి ఎందుకు కావాలి? ఆ దేశపు సరుకులు కొనడానికి కావాలి, అక్కడి కంపెనీల వాటాల్లోనో ప్రభుత్వ బాండ్లలోనో పెట్టుబడి పెట్టడానికి కావాలి, లేదా అక్కడ తీసుకున్న అప్పు తీర్చడానికి కావాలి. ఈ అవసరాలేవీ అక్షరం ఆకారాన్ని బట్టి పెరగవు, తరగవు. పైగా ఆ కొనుగోలుదారుల్లో అత్యధికులు బ్యాంకులు, చమురు దిగుమతిదారులు, ఎగుమతి సంస్థలు, పెట్టుబడి నిధులు. వాళ్ల తెరల మీద కనిపించేది మన గుర్తు కూడా కాదు, ఐఎన్‌ఆర్ అనే మూడక్షరాల సంకేతం. అటువంటి సంకేతాలు 1978 నుంచి అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్నాయి. అంటే గుర్తు రాకముందు ముప్ఫై ఏళ్లుగా మన రూపాయిని ప్రపంచ బ్యాంకులు పొరపాటు లేకుండా గుర్తుపడుతూనే ఉన్నాయన్నమాట.

మీరు చెప్పిన 2013నే తీసుకుందాం, ఎందుకంటే రూపాయి బలం దేనివల్ల పోతుందో, దేనివల్ల తిరిగి వస్తుందో అంత స్పష్టంగా చూపిన సందర్భం మరొకటి తేలికగా దొరకదు. 2012-13లో మన కరెంటు ఖాతా లోటు స్థూల దేశీయోత్పత్తిలో 4.8 శాతానికి చేరింది. వస్తువులు, సేవలు, ప్రవాసుల జమలు అన్నీ కలిపి లెక్కవేసినా మనకు వచ్చే విదేశీ ద్రవ్యం కంటే మనం చెల్లించవలసింది అంత ఎక్కువగా ఉందని దాని అర్థం. ముడి చమురు, బంగారం దిగుమతులు అందులో ప్రధాన కారణాలు. దేశంలో వినియోగదారుల ధరలు ఏడాదికి పది శాతం చొప్పున పెరుగుతున్నాయి. ఆ లోటును ఏ ఏటికాయేడు విదేశీ పెట్టుబడులతో పూడ్చుకుంటూ నడుస్తున్నంతకాలం ఏమీ కనిపించలేదు. 2013 మే నెలలో అమెరికా కేంద్ర బ్యాంకు, అంటే ఫెడరల్ రిజర్వు, తాను నెలనెలా చేస్తున్న బాండ్ల కొనుగోళ్లను తగ్గించవచ్చని సూచన మాత్రంగా చెప్పగానే ఆ పెట్టుబడులు వెనక్కి మళ్లాయి. రూపాయితో పాటు బ్రెజిల్, ఇండొనేషియా, టర్కీ, దక్షిణాఫ్రికా కరెన్సీలూ పడ్డాయి. వాటిలో రూపాయికీ లీరాకూ కొత్త గుర్తులున్నాయి, ఇండొనేషియా రూపయ్యాకూ దక్షిణాఫ్రికా రాండ్‌కూ లేవు. గాలివానకు ఆ తేడా తెలియలేదు.

ఇక కోలుకోవడం ఎలా జరిగిందో చూడండి. రిజర్వు బ్యాంకు జులైలో స్వల్పకాలిక వడ్డీ రేట్లను గట్టిగా పెంచి, బ్యాంకులు అత్యవసరంగా అప్పు తీసుకునే రేటును 10.25 శాతానికి చేర్చింది. ప్రభుత్వం బంగారం మీద దిగుమతి సుంకాన్ని పది శాతానికి పెంచింది. సెప్టెంబరులో ప్రవాస భారతీయుల విదేశీ కరెన్సీ డిపాజిట్లను బ్యాంకులు సేకరించేందుకు రాయితీ మారకపు సదుపాయం ప్రకటించారు. దాని వల్ల, బ్యాంకుల విదేశీ రుణాలకు ఇచ్చిన అటువంటి సదుపాయం వల్ల కలిపి సుమారు 3,400 కోట్ల డాలర్లు దేశంలోకి వచ్చాయి. 2013-14లో కరెంటు ఖాతా లోటు 1.7 శాతానికి దిగింది. సుంకం, వడ్డీ, డిపాజిట్లు: రూపాయిని నిలబెట్టింది ఇవి. వీటిలో ప్రతిదానికీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు కూడా. వడ్డీ పెరిగినందుకు అప్పు తీసుకున్నవాడు చెల్లించాడు, సుంకం పెరిగినందుకు బంగారం కొన్నవాడు చెల్లించాడు. ఎవరికీ ఏ నొప్పీ లేకుండా కరెన్సీని బలపరచే సాధనం ఉందని ఎవరైనా చెబితే నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పి ముగిస్తాను. స్విట్జర్లాండు ఫ్రాంకుకు ప్రత్యేక గుర్తు లేదు, మామూలు అక్షరాలతోనే రాస్తారు. అయినా ఆ దేశపు కేంద్ర బ్యాంకుకు ఎదురైన సమస్య ఫ్రాంకు మరీ బలపడిపోవడం. యూరోకు 1.20 ఫ్రాంకుల కంటే బలపడనివ్వకుండా మూడేళ్లకు పైగా పట్టి ఉంచి, 2015 జనవరి 15న ఆ ప్రయత్నం విరమించగానే అది ఒక్కసారిగా పైకి ఎగిరింది. చైనా యువాన్ సంగతి ఇంకా విచిత్రం. అది వాడే గుర్తు జపాన్ యెన్ గుర్తే, రెండు దేశాలకూ ఒకటే. ప్రపంచ విదేశీ మారక లావాదేవీల్లో యువాన్ వాటా 2013లో 2.2 శాతం ఉండగా 2022 నాటికి 7 శాతానికి పెరిగింది. ఈ వాటాలను మొత్తం 200 శాతంగా లెక్కిస్తారు, ప్రతి లావాదేవీలో రెండు కరెన్సీలు ఉంటాయి కాబట్టి. ఆ లెక్కలో అదే 2022లో రూపాయి వాటా 1.6 శాతం.

సమాధానం: నిలువుగీత

ఖాతాపుస్తకం గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ ఒక చిన్న దిద్దుబాటు. ‘ఐదో కరెన్సీ’ అన్న మాట అప్పట్లో అందరూ రాశారు కానీ అది నిజం కాదు. నైజీరియా నైరా 1973లో చలామణీలోకి వచ్చిన నాటి నుంచీ రెండు అడ్డగీతల గుర్తుతోనే ఉంది. దక్షిణ కొరియా వాన్, ఇజ్రాయెల్ షెకెల్, వియత్నాం డాంగ్, ఫిలిప్పీన్స్ పెసో, ఘనా సెడి, ఉక్రెయిన్ హ్రివ్నియా, కజకిస్థాన్ టెంగే, వీటన్నిటికీ 2010కి ముందే సొంత గుర్తులున్నాయి. వీటిలో దక్షిణ కొరియా సంపన్న దేశమైంది. నైరా 1970ల్లో డాలరు కంటే ఎక్కువ విలువ పలికి, 2023లో మారకపు రేటును విపణికి వదిలాక, 2024 మొదట్లో డాలరుకు 1,500 దాటింది. ఇద్దరి నుదుటా బొట్టు ఉంది, రాత మాత్రం వేరు.

గుర్తుకు అర్థం అంటగట్టడంలో టర్కీ అందరినీ మించిపోయింది. 2012 మార్చి 1న ప్రకటించిన లీరా గుర్తు సగం లంగరు ఆకారంలో ఉంటుంది. లంగరు అంటే సురక్షితమైన రేవు అనీ, పైకి వాలిన రెండు గీతలు అంటే పెరుగుతున్న విలువ అనీ అధికారికంగానే వివరించారు. ఆనాడు డాలరుకు రెండు లీరాల లోపే ఉండేది. 2018 ఆగస్టులో ఏడు దాకా వెళ్లింది. 2023 చివరికి దాదాపు ముప్ఫై. 2021 సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపల, ధరలు పెరుగుతుండగానే, విధాన వడ్డీ రేటును 19 నుంచి 14 శాతానికి తగ్గించుకుంటూ పోయారు. 2022 అక్టోబరులో అధికారిక లెక్కల ప్రకారమే వార్షిక ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. మళ్లీ రేటును 2024 మార్చి నాటికి 50 శాతానికి పెంచవలసి వచ్చింది. లంగరు మాత్రం అన్నాళ్లూ గుర్తులో అలాగే ఉంది.

సమాధానం: అచ్చుగది

నేను ఆర్థికవేత్తను కాదు. అక్షరాలు, ఫాంట్లు, బిల్లులు ముద్రించే సాఫ్ట్‌వేరు, వీటితో చాలా ఏళ్లు పనిచేశాను. పై ఇద్దరూ గుర్తును మరీ తీసిపారేశారని నాకు అనిపించింది. దానికి ఆర్థిక వ్యవస్థను నిలబెట్టే శక్తి లేదన్నది నిజమే, కానీ అది చేసే పని కూడా ఒకటుంది. ఆ పని ఏమిటో, అది ఎంత చిన్నదో చెప్పగలిగింది బహుశా నాలాంటివాళ్లే.

పాత ‘ఆర్ఎస్’ అనే పొట్టి రూపాన్ని భారతదేశం, పాకిస్థాన్, శ్రీలంక, నేపాల్, మారిషస్ అన్నీ వాడేవి. ఒక అంతర్జాతీయ ధరల పట్టికలో ఆ రెండక్షరాలు కనిపిస్తే అది ఎవరి రూపాయో తెలిసేది కాదు. 2010 నాటి నిర్ణయానికి ప్రభుత్వం చెప్పిన ముఖ్య కారణం కూడా ఇదే: ఇరుగుపొరుగు దేశాల రూపాయిల నుంచీ ఇండొనేషియా రూపయ్యా నుంచీ మన రూపాయిని విడిగా గుర్తించగలగడం. అంటే ప్రభుత్వం ముఖ్యంగా చెప్పుకున్నది గుర్తింపు గురించి. బలం గురించిన ఆశలు ఎక్కువగా పత్రికలవి, చదివినవాళ్లవి. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే తరువాత నిరాశ కలిగింది.

ఇక ఖర్చు సంగతి. గుర్తును ప్రకటించినంత తేలికగా అది కాగితం మీదికి రాదు. ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే ఉచితంగా ఒక ఫాంటు దొరికింది. అందులో కీబోర్డు మీద ఎడమవైపు మూలన ఉండే ఏటవాలు గీత మీట నొక్కితే రూపాయి గుర్తు వచ్చేది. మా దగ్గర అందరూ ఉత్సాహంగా దాన్ని వాడారు. ఆ ఫాంటు లేనివాళ్లకు పత్రం పంపితే అంకె ముందు గుర్తుకు బదులు ఆ ఏటవాలు గీత ఒక్కటే కనిపించేది. ‘ఇది ఏ దేశపు డబ్బు?’ అని అవతలివాళ్లు అడిగిన సందర్భాలు నాకు బాగా గుర్తున్నాయి. గుర్తింపు కోసం తెచ్చిన గుర్తు కొన్నాళ్లపాటు ఉన్న గుర్తింపును కూడా పోగొట్టిందన్నమాట. 2010 అక్టోబరులో యూనికోడ్ (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే అంతర్జాతీయ ప్రమాణం) ఆరో సంచికలో దానికి స్థానం దొరికాక, ఆపరేటింగ్ సిస్టములు ఒక్కొక్కటిగా చేర్చుకున్నాక ఆ ఇబ్బంది తీరింది. అక్షరాలను తమలోనే పదిలపరచుకునే పాత రసీదు యంత్రాలలో మాత్రం ఆ గుర్తు ఎప్పటికీ రాలేదు, యంత్రమే మారితే తప్ప.

మరొక ముచ్చట చెబుతాను, ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో ఇది దొరకదు. మామూలు ఫోను సంక్షిప్త సందేశాలకు ఒక ప్రాథమిక అక్షరపట్టిక ఉంది. డాలరు, పౌండు, యెన్ గుర్తులు ఆ పట్టికలోనే ఉన్నాయి, యూరోను తరువాత అనుబంధంగా చేర్చారు. రూపాయి గుర్తుకు అందులో చోటు లేదు. ఇంగ్లీషు సందేశంలో ఒక్క రూపాయి గుర్తు పెట్టినా ఆ సందేశం మొత్తం మరో పద్ధతిలోకి మారిపోయి, 160 అక్షరాలు పట్టవలసిన చోట 70 మాత్రమే పడతాయి. ఒక్క సందేశం రెండు మూడు సందేశాల ఖరీదు అవుతుంది. లక్షల సంఖ్యలో సందేశాలు పంపే చోట్ల ఇప్పటికీ పాత పొట్టి రూపమో, మూడక్షరాల సంకేతమో కనిపించడానికి ఇదొక కారణం. ముందు పుట్టిన గుర్తులకు యంత్రాల్లో ఆస్తి పంపకాలు జరిగిపోయాయి. ఆలస్యంగా పుట్టినవి అడిగి చోటు తెచ్చుకోవాలి. డాలరు గుర్తు ప్రతి కీబోర్డు మీదా ఉన్నది అది అందంగా ఉన్నందుకు కాదు, కీబోర్డులు పుట్టిన దేశపు డబ్బు అది అయినందుకు.

గుర్తు ఎంపికలో జాగ్రత్త గురించి కూడా ఒక మాట. కజకిస్థాన్ 2007లో ఎంచుకున్న టెంగే గుర్తు జపాన్ తపాలా శాఖ ఏనాటి నుంచో వాడుతున్న చిహ్నాన్ని దాదాపు అచ్చుగుద్దినట్టు ఉందని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది. ప్రత్యేకత కోసమే గుర్తు పెట్టుకునే దేశం ముందుగా చూసుకోవలసినది అదే.

సందేహజీవి

ఇంత ఓపికగా వివరించిన ముగ్గురికీ ధన్యవాదాలు. ముఖ్యంగా గుర్తింపు వేరు, బలం వేరు అన్న విషయం నాకు ఇప్పుడే స్పష్టమైంది. కానీ మీ ఉదాహరణలు చదివాక సందేహం అటు నుంచి ఇటు తిరిగింది. రూపాయి 2010 తరువాత పడింది, లీరా 2012 తరువాత పడింది. రష్యా 2013 డిసెంబరులో గుర్తు ప్రకటిస్తే సరిగ్గా ఏడాదికి రూబుల్ కుప్పకూలింది. జార్జియా లారీ కూడా గుర్తు వచ్చిన కొద్ది నెలలకే దిగజారింది. ఇదంతా చూస్తే కొత్త గుర్తు మేలు చేయకపోగా కీడు చేస్తుందేమో అనిపిస్తోంది. ఇందులో ఏదైనా కారణం ఉందా, లేక నేను మళ్లీ పొరబడుతున్నానా?

సమాధానం: నిలువుగీత

కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరిగాయని కాకిని నిందించకూడదు కదండీ. రష్యా విషయంలో తాటిపండు ఎందుకు పడిందో మనకు బాగా తెలుసు. 2014 మధ్యలో వంద డాలర్లకు పైన ఉన్న పీపా చమురు ధర డిసెంబరుకు అరవైకి దిగింది. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా తనలో కలుపుకున్న తరువాత విధించిన ఆంక్షల వల్ల రష్యా సంస్థలకు విదేశీ అప్పు పుట్టడం కష్టమైంది. డిసెంబరు 16 తెల్లవారకముందే ఆ దేశపు కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును 10.5 నుంచి 17 శాతానికి పెంచినా, ఆ రోజు రూబుల్ కొంతసేపు డాలరుకు 80 దాకా జారింది. గుర్తు ప్రకటించిన రోజున అది 33 దగ్గర ఉండేది.

అయినా మీరు గమనించిన వరుసలో ఒక అసలు విషయం దాగి ఉందని నా అనుమానం. ప్రభుత్వాలు తమ కరెన్సీకి కొత్త గుర్తు పెట్టాలని ఎప్పుడు ఉత్సాహపడతాయి? చేతిలో సొమ్ము ఆడుతూ, వృద్ధి బాగుండి, ప్రపంచం తమవైపు చూస్తోందన్న ధీమా ఉన్నప్పుడు. 2010లో మన వృద్ధి 8 శాతానికి పైన ఉంది. 2012లో టర్కీ అంతకు ముందు రెండేళ్లూ ఉరకలు వేసి ఉంది. 2013లో రష్యాకు చమురు వంద డాలర్లు పలుకుతోంది. శిఖరం మీద నిలబడి తీసుకున్న నిర్ణయం కాబట్టి తరువాత కనిపించేది సహజంగానే దిగుడుదారి. గుర్తు వల్ల పతనం రాలేదు. పతనానికి ముందుండే ధీమాయే గుర్తును కూడా తెచ్చింది. ఇది నా ఊహే, ఎవరైనా లెక్కలు వేసి కాదని తేలిస్తే ఒప్పుకుంటాను.

ఈ ఊహకు లొంగని ఉదాహరణలూ ఉన్నాయి. యూరో గుర్తును 1996 డిసెంబరులో ప్రకటించారు. 1999 జనవరిలో దాదాపు 1.18 డాలర్ల వద్ద మొదలైన యూరో 2000 అక్టోబరుకు 0.83కి పడిపోయింది, 2008 జులైలో 1.60కి చేరింది. గుర్తు ఒక్కటే, విలువ దాదాపు రెండింతలు అటూ ఇటూ. సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గర కట్టేసి ఉంది. 2025 ఫిబ్రవరిలో గుర్తు వచ్చాక కూడా అక్కడే ఉంది. కట్టు కొయ్యకే గాని మెడలోని గంటకు కాదు కదా.

సమాధానం: పాతనోటు

ఆలస్యంగా చేరుతున్నాను. అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి అటువైపు నుంచి ఒక వాదన. డబ్బుకు కొత్త పేరు, కొత్త రూపం ఇవ్వడం వల్ల ఆర్థిక వ్యవస్థ నిజంగా కుదుటపడిన సందర్భం ఉంది: 1994లో బ్రెజిల్.

ఆ ఏడాది జూన్‌లో అక్కడ ధరలు ఒక్క నెలలోనే 50 శాతానికి దగ్గరగా పెరిగాయి. అటువంటి స్థితిలో మనుషులు రేపటి ధర ఇవాళే ఊహించి పెంచేస్తారు, ఆ ఊహే మళ్లీ ధరలను పెంచుతుంది. ద్రవ్యోల్బణం అలవాటుగా మారిపోతుంది. ఫెర్నాండో హెన్రిక్ కార్డోసో ఆర్థిక మంత్రిగా ఉండగా ఆయన బృందంలోని ఆర్థికవేత్తలు ఈ అలవాటును విరగ్గొట్టడానికి ఒక యుక్తి పన్నారు. 1994 మార్చి 1 నుంచి ‘వాస్తవ విలువ ప్రమాణం’ అనే లెక్కల డబ్బును ప్రవేశపెట్టారు. దానికి నోటు లేదు, నాణెం లేదు. జీతాలు, అద్దెలు, ఒప్పందాలు, ధరలు అందులో రాసుకుంటారు. చెల్లింపు మాత్రం పాత క్రుజెయిరో రియాల్‌లో, ఆ రోజుకు ప్రకటించిన రేటు ప్రకారం జరుగుతుంది. పాత డబ్బులో ధర రోజూ మారుతున్నా, కొత్త లెక్కలో అదే అంకె స్థిరంగా కనిపించేది. నాలుగు నెలలు అలా అలవాటు చేశాక జులై 1న ఆ లెక్కల ప్రమాణాన్నే ‘రియాల్’ అనే నిజమైన నోటుగా మార్చేశారు. పాత డబ్బు 2,750 ఇస్తే కొత్తది ఒకటి. కొద్ది నెలల్లోనే నెలవారీ ద్రవ్యోల్బణం ఒక అంకెలోకి దిగింది.

కాబట్టి డబ్బు రూపం మనుషుల మనసు మీద పనిచేయదు అనడం సరికాదని నా మనవి. అది పనిచేసింది, నా దృష్టిలో గొప్పగా పనిచేసింది.

సమాధానం: ఖాతాపుస్తకం

పాతనోటు గారూ, చాలా మంచి ఉదాహరణ తెచ్చారు. దాని ముందు చరిత్రను కూడా కలిపి చూస్తే అది మీ వాదన కంటే నా వాదనకే ఎక్కువ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. బ్రెజిల్ 1986లో క్రుజాడో, 1989లో కొత్త క్రుజాడో, 1990లో క్రుజెయిరో, 1993లో క్రుజెయిరో రియాల్ అంటూ ఎనిమిదేళ్లలో నాలుగు సార్లు పేర్లు మార్చింది. ప్రతిసారీ రాసే గుర్తూ మారింది. 1986లో ధరలను శాసనంతో బిగించారు, కొన్ని నెలలు ఆగి మళ్లీ పేలాయి. 1990లో అయితే ప్రజల బ్యాంకు ఖాతాల్లోని పెద్ద మొత్తాలనే స్తంభింపజేశారు, అదీ నిలవలేదు. ఐదోసారి నిలిచింది. ఆ ఐదోసారి ఏమి తేడా జరిగిందన్నదే అసలు ప్రశ్న.

మీరు చెప్పిన లెక్కల ప్రమాణం ఒక తేడా, అది నిస్సందేహంగా తెలివైనది. రెండోది, రియాల్ రాకముందే ప్రభుత్వం తన బడ్జెట్‌ను సరిదిద్దుకునేందుకు రాజ్యాంగ సవరణతో ఒక అత్యవసర నిధిని ఏర్పాటు చేసుకుంది. అప్పటికే పంచిపెట్టిన ఆదాయాల్లో కొంత భాగాన్ని వెనక్కి తీసుకుని లోటు పూడ్చుకునే అధికారం దానివల్ల వచ్చింది. మూడోది, విదేశీ మారక నిల్వలు అప్పటికి బాగా పెరిగి ఉన్నాయి. నాలుగోది, వడ్డీ రేట్లను చాలా ఎత్తున ఉంచారు. దాని బాధ ఆ దేశం ఏళ్ల తరబడి పడింది. 1999 జనవరిలో రియాల్‌ను డాలరుకు దగ్గరగా పట్టి ఉంచడం సాధ్యంకాక వదిలేస్తే అది కొద్ది వారాల్లో భారీగా పడింది కూడా. అయినా పాతకాలపు ద్రవ్యోల్బణం తిరిగి రాలేదు. నా దృష్టిలో రియాల్ నిజమైన విజయం 1994లో కంటే ఆ 1999లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

మరొక సంగతి. బ్రెజిల్ మార్చింది లెక్కపెట్టే ప్రమాణాన్ని. ఎన్ని ఒప్పందాలు, ఎన్ని జీతాలు, ఎన్ని అద్దెలు కొత్త ప్రమాణంలోకి తిరగరాశారో ఊహించండి. సందేహజీవి గారు అడిగినది అదే రూపాయిని, అదే విలువతో, కొత్త అక్షరంతో రాయడం గురించి. ఈ రెండింటికీ ఉన్న దూరం ఇల్లు మార్చడానికీ గుమ్మం మీద పేరుపలక మార్చడానికీ ఉన్నంత. జింబాబ్వే ప్రమాణాన్ని కూడా మార్చి చూసింది: 2006లో మూడు సున్నాలు, 2008లో పది, 2009లో పన్నెండు కొట్టేసింది. నోట్ల ముద్రణ మాత్రం ఆపలేదు. ఆఖరికి 2009లో సొంత డబ్బును పక్కనపెట్టి విదేశీ కరెన్సీలతో నడవవలసి వచ్చింది.

సందేహజీవి

పేరుపలక పోలిక నాకు బాగా అర్థమైంది. అలాగైతే చివరిగా ఒకటి అడుగుతాను. రూపాయి అంతర్జాతీయంగా నిజంగా ఎక్కువగా వాడుకలోకి రావాలంటే ఏమి జరగాలి? అప్పుడు ఈ గుర్తుకు ఏమైనా పని ఉంటుందా?

సమాధానం: ఖాతాపుస్తకం

విదేశీ వ్యాపారి రూపాయిల్లో చెల్లింపు తీసుకోవాలంటే, తీసుకున్న ఆ రూపాయిలతో తరువాత ఏమి చేసుకోగలనన్నది ముందు చూసుకుంటాడు. 2022 జులై 11న రిజర్వు బ్యాంకు ఎగుమతి, దిగుమతులకు రూపాయిల్లోనే ఇన్వాయిసు రాసి, రూపాయిల్లోనే చెల్లించే ఏర్పాటు చేసింది. విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో ప్రత్యేక రూపాయి ఖాతాలు తెరవవచ్చు, మిగిలిన సొమ్మును ప్రభుత్వ బాండ్లలో పెట్టవచ్చు. ఏర్పాటు బాగుంది. కానీ మనం ఒక దేశం నుంచి ఎక్కువ కొని, ఆ దేశానికి తక్కువ అమ్ముతుంటే, వాళ్ల ఖాతాలో రూపాయిలు పేరుకుపోతాయి. మన చమురు కొనుగోళ్లు పెరిగాక రష్యాతో సరిగ్గా ఇదే జరిగింది. వాళ్లు కొనుక్కోదగిన సరుకులు మన దగ్గర పెరగాలి, పెట్టుబడి తేలికగా లోపలికి వచ్చి బయటికి వెళ్లగలగాలి, మన ధరలు నిలకడగా ఉండాలి. మొదటిది కర్మాగారాల పని, రెండోది చట్టాల పని, మూడోది రిజర్వు బ్యాంకు పని.

సమాధానం: అచ్చుగది

గుర్తు పని గురించి అడిగారు కాబట్టి నా వంతు చెబుతాను. ఆ రూపాయి ఇన్వాయిసుల నమూనాలు కొన్ని నా చేతికి వచ్చాయి, అమరిక సరిచూడడానికి. మొత్తం రాయవలసిన గడిలో ఐఎన్‌ఆర్ అని మూడక్షరాలే ఉన్నాయి. గుర్తు పెట్టమంటారా అని అడిగితే, అవతలి బ్యాంకు యంత్రం దాన్ని చదవలేకపోతే చెల్లింపు ఆగిపోతుంది, వద్దు అన్నారు.